మాత్ర వేసినా కాళ్లు రావట్లేదు: లెవోడోపా దారి తప్పిన ఒక పార్కిన్సన్స్ కేసు

ఇది ఏ ఒక్క రోగి కేస్ షీటూ కాదు. పార్కిన్సన్స్ (మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గి కదలికలు మందగించే జబ్బు) ఉన్నవాళ్లకి లెవోడోపా, అంటే మెదడులో డోపమైన్‌గా మారే మందు, ఇచ్చేటప్పుడు పదేపదే జరిగే పొరపాట్లను ఒకే కేసులో చేర్చి, అంకెల్ని బోధనకి వీలుగా అమర్చి రాసింది. మందుల మోతాదులు, అవి పనిచేసే తీరు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

చేరేనాటికి పరిస్థితి

68 ఏళ్ల మహిళ. పార్కిన్సన్స్ మొదలై ఏడేళ్లు. కుడిచేతి వణుకుతో మొదలైన జబ్బు ఇప్పుడు రెండు వైపులా ఉంది. లెవోడోపా 100 మి.గ్రా., కార్బిడోపా 25 మి.గ్రా. కలిసిన మామూలు మాత్రను ఒకటిన్నర చొప్పున ఉదయం 6కి, 10కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 6కి వేసుకుంటారు. అంటే రోజుకి లెవోడోపా 600, కార్బిడోపా 150 మి.గ్రా. పొద్దున, డోపమైన్ విరిగిపోకుండా ఆపే రసాజిలిన్ 1 మి.గ్రా. దీంతో ఏడాదిన్నరగా తన పనులు తానే చేసుకుంటున్నారు.

చేరడానికి 24 రోజుల ముందు రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ఐరన్ మాత్ర రోజుకి రెండుసార్లు రాశారు. మర్చిపోకుండా ఉంటుందని ఇంట్లోవాళ్లు వాటిని ఉదయం 6, సాయంత్రం 6 మాత్రలతో జతచేశారు. నీరసానికి ప్రొటీన్ పొడి కూడా మొదలైంది, అది తొమ్మిదిన్నరకి పాలల్లో. రెండు వారాలు తిరక్కుండానే నడక దెబ్బతింది. జబ్బు ముదిరిందనుకుని ప్రతి డోసునీ రెండు మాత్రలకి, అంటే రోజుకి 800 మి.గ్రా.కి పెంచారు. రెండో రోజు నుంచి వాంతులు. వాంతులకి మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. మూడుపూటలా. వారం గడిచేసరికి మంచం మీద పక్కకి తిరగడానికి కూడా మనిషి కావలసి వచ్చింది, మింగడం కష్టమైంది. ఆపైన మూత్రంలో ఇన్‌ఫెక్షన్, జ్వరం, రాత్రిళ్లు గదిలో పిల్లలు తిరుగుతున్నారని భయపడటం. వార్డులో చేర్చిన రాత్రి అలజడి తగ్గడానికి హాలోపెరిడాల్ 2.5 మి.గ్రా. ఇంజెక్షన్ రెండుసార్లు పడింది. నోటితో ఏమీ ఇవ్వొద్దని రాసినందువల్ల వరసగా ఐదు డోసుల లెవోడోపా తప్పిపోయింది.

మర్నాడు సాయంత్రానికి ఒంటి వేడి 39.4 డిగ్రీల సెల్సియస్, నాడి నిమిషానికి 124. రక్తపోటు ఒకసారి 168/96, అరగంటకి 104/60. ఒళ్లంతా చెమట. చేతులు, మెడ కర్రలా బిగుసుకున్నాయి; మణికట్టుని నెమ్మదిగా తిప్పితే పళ్ల చక్రం మీద తిప్పినట్టు టకటక ఆగుతూ కదులుతోంది. పిలిస్తే కళ్లు తెరుస్తున్నారు, మాట లేదు. సీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) లీటరుకి 3,150 యూనిట్లు, తెల్లకణాలు 14,200, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.6, సోడియం 149.

గంటల వారీ చార్టు చెప్పింది

ఈ కేసులో అన్నిటికన్నా విలువైన సమాచారం కూతురి దగ్గర ఉంది. "ఇదివరకు మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి అమ్మకి కాళ్లు వచ్చేవండీ. ఇప్పుడు పొద్దుటి మాత్రకి అసలు రావట్లేదు, మధ్యాహ్నం మాత్రకి మాత్రం బాగానే వస్తున్నాయి," అన్నారు. ఆవిడ రాసుకున్న కాగితం ప్రకారం, మోతాదు పెంచక ముందు ఒక రోజు ఇలా గడిచింది: 6 గంటల మాత్రకి ఫలితం లేదు. 10 గంటల మాత్రకి 11.10కి కదలిక వచ్చింది. 2 గంటల మాత్రకి 2.45కే లేచి నడిచారు. సాయంత్రం 6 గంటల మాత్రకి మళ్లీ ఏమీ లేదు.

జబ్బు ముదిరితే, లేదా మోతాదు చాలకపోతే, నాలుగు డోసులూ ఎంతోకొంత బలహీనపడాలి. ఇక్కడ రెండు పూర్తిగా పోయాయి, ఒకటి ఆలస్యమైంది, ఒకటి చెక్కుచెదరలేదు. పోయిన రెండూ ఐరన్‌తో కలిసి వేసుకున్నవి. ఆలస్యమైనది ప్రొటీన్ పొడి తాగిన అరగంటకి వేసుకున్నది. ఖాళీ కడుపుతో ఒంటరిగా వేసుకున్నది 2 గంటల మాత్ర ఒక్కటే. ఈ కాగితం అప్పుడే ఎవరైనా చూసి ఉంటే తరవాతిదేదీ జరిగేది కాదు.

మోతాదు పెంచాక కాగితంలో ఇంకో మాట చేరింది: "3 గంటలకి తల, భుజాలు ఊగుతున్నాయి." చికిత్స చీటీలో అది "వణుకు పెరిగింది" అని నమోదైంది. పార్కిన్సన్స్ వణుకు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒకే లయలో, సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు వస్తుంది. నాట్యం చేస్తున్నట్టు మెలికలు తిరిగే కదలిక డిస్కైనీసియా, డోపమైన్ ఎక్కువైనప్పుడు వచ్చేది. అంటే అదే మనిషికి అదే రోజు మూడు గంటలకి డోపమైన్ ఎక్కువ, ఏడు గంటలకి తక్కువ. ఈ రెంటినీ ఒకే పేరుతో రాస్తే చికిత్స కచ్చితంగా తప్పుదారి పడుతుంది.

పేగులో

మెదడులో డోపమైన్ తయారీ టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతుంది. టైరోసిన్ హైడ్రాక్సిలేజ్ దాన్ని లెవోడోపాగా మారుస్తుంది. డీకార్బాక్సిలేజ్ ఆ లెవోడోపాని డోపమైన్ చేస్తుంది. మొదటి ఎంజైముకి ఆక్సిజన్, ఇనుము, టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే సహాయక అణువు కావాలి. తయారీ వేగం మొత్తం దాని చేతిలోనే ఉంది. రెండోదానికి బి6 విటమిన్ నుంచి వచ్చే పిరిడాక్సాల్ ఫాస్ఫేట్ చాలు, అది చాలా చురుకైనది. పార్కిన్సన్స్‌లో డోపమైన్ తయారుచేసే సబ్‌స్టాన్షియా నైగ్రా కణాలు చచ్చిపోతుంటే వాటితోపాటే మొదటి ఎంజైమూ పోతుంది. కాబట్టి టైరోసిన్ ఎంత తిన్నా ప్రయోజనం లేదు. డోపమైన్‌నే ఇద్దామంటే అది రక్తం నుంచి మెదడులోకి దాటలేదు. మిగిలింది మధ్యలో ఉన్న లెవోడోపా. 1957లో ఆర్విడ్ కార్ల్‌సన్ బృందం రెసర్పిన్‌తో కదలకుండా పడిపోయిన కుందేళ్లకి లెవోడోపా ఇచ్చి లేపింది ఈ మెట్టు దాటించే. 1961లో వియన్నాలో బిర్క్‌మేయర్, హార్నికీవిచ్ దాన్ని రోగులకి ఇచ్చారు. 1967లో కాట్జియాస్ నోటి ద్వారా పెద్ద మోతాదుల్లో ఇచ్చి నిలకడైన ఫలితం చూపించాడు.

పెద్ద మోతాదులు ఎందుకు కావలసి వచ్చాయంటే, డీకార్బాక్సిలేజ్ మెదడులోనే కాదు, పేగు గోడలో, కాలేయంలో, కిడ్నీలో కూడా ఉంది. ఒంటరిగా మింగిన లెవోడోపాలో మెదడుకి చేరేది ఇంచుమించు నూటికి ఒక వంతు. మిగతాది దారిలోనే డోపమైన్‌గా మారి వాంతులు తెప్పిస్తుంది, రక్తపోటుని కిందామీదా చేస్తుంది. కార్బిడోపా ఈ దారి దోపిడీని ఆపుతుంది. తాను మెదడులోకి దాటదు కనక అక్కడి ఎంజైముని ముట్టుకోదు. బయటి ఎంజైముని అణచడానికి రోజుకి 70 నుంచి 100 మి.గ్రా. కార్బిడోపా కావాలి. మాత్రలు తక్కువ వేసుకునేవాళ్లకి వాంతులైతే ముందు ఈ లెక్క చూడాలి. ఈవిడకి 150 అందుతోంది, లెక్క సరిపోయింది. కనీసం కాగితం మీద.

ఐరన్ ఈ లెక్కని తారుమారు చేసింది. లెవోడోపా అణువులో కేటెకాల్ ఉంగరం ఉంది, అంటే పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ గుంపులు. అవి రెండూ కలిసి ఇనుము అయాన్‌ని పటకారులా పట్టుకుంటాయి. అలా పట్టుబడిన లెవోడోపాని పేగు లోపలికి తీసుకోదు. చాలామంది మర్చిపోయే సంగతేమిటంటే, కార్బిడోపాలోనూ అదే కేటెకాల్ ఉంగరం ఉంది. ఐరన్ రెంటినీ కట్టేస్తుంది. లోపలికి వెళ్లిన కాస్త లెవోడోపాకి కూడా కాపలా తగ్గుతుంది. పైగా ఐరన్ మాత్ర దానంతటదే వికారం తెప్పిస్తుంది, మలబద్ధకం పెంచుతుంది. పార్కిన్సన్స్‌లో ముందే మందంగా ఉన్న పేగు ఇంకా మందగిస్తుంది. లెవోడోపా పీల్చుకోవడం జరిగేది చిన్నపేగు మొదటి భాగంలో. మాత్ర జీర్ణకోశంలో ఎంతసేపు కూర్చుంటే అంత దండగ. ఈ కేసులో వాంతుల్ని మోతాదు పెంచినందువల్ల వచ్చినవిగా లెక్కగట్టారు. ఐరన్ పాత్ర కూడా ఉండి ఉండొచ్చు.

మెదడు గుమ్మం దగ్గర

రక్తంలోకి వచ్చిన లెవోడోపా మెదడులోకి జారిపోదు. పెద్ద తటస్థ అమైనో ఆమ్లాల్ని మోసే ఎల్ఏటీ1 అనే రవాణా ప్రొటీన్ ఎక్కాలి. లూసిన్, ఐసోలూసిన్, వేలిన్, ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్ ఎక్కేదీ ఆ బండే. ప్రొటీన్ పొడి తాగిన గంటలో రక్తం నిండా అవే ఉంటాయి, లెవోడోపా వరసలో వెనకబడుతుంది. పేగు గోడ దగ్గరా ఇదే పోటీ. కార్బిడోపా ఉన్నా లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి పట్టేది గంటన్నరే. వరసలో నిలబడి ఉండగానే సరుకు కరిగిపోతుంది.

ప్రొటీన్ మానేయమనడం దీనికి మందు కాదు. పార్కిన్సన్స్ రోగులు మామూలుగానే బరువు తగ్గుతుంటారు. మాత్రకి అరగంట నుంచి గంట తరవాత భోజనం, భోజనమైన గంటన్నర, రెండు గంటలకి మాత్ర. రోజు ప్రొటీన్‌లో ఎక్కువ భాగం రాత్రి భోజనానికి జరపాలి. ఐరన్‌కైతే లెవోడోపాకి కనీసం రెండు గంటల ఎడం కావాలి.

కణంలో, సందులో

మిగిలి ఉన్న డోపమైన్ కణాల కొసల్లో లెవోడోపా డోపమైన్‌గా మారి, వీమ్యాట్2 అనే పంపు ద్వారా బుడగల్లోకి ఎక్కుతుంది. రెసర్పిన్, టెట్రాబెనజిన్ ఈ పంపుని ఆపుతాయి. అవి వాడేవాళ్లకి పార్కిన్సన్స్ లక్షణాలు రావడానికి కారణమిదే. నాడీ సంకేతం వచ్చినప్పుడు కాల్షియం లోపలికి చొరబడి బుడగలు రెండు నాడీ కణాల మధ్య సందులోకి తెరుచుకుంటాయి. పనైపోయాక డ్యాట్ అనే పంపు డోపమైన్‌ని వెనక్కి లాగేస్తుంది. మిగిలినదాన్ని మావో-బి, కామ్ట్ ఎంజైములు ముక్కలు చేస్తాయి. రసాజిలిన్ పట్టుకునేది మావో-బిని. పట్టు శాశ్వతం, కణం కొత్త ఎంజైము తయారుచేసుకుంటే తప్ప వదలదు. ఈ విషయం కింద చికిత్సలో అక్కరకొస్తుంది.

జబ్బు ముదిరేకొద్దీ, సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని విడుదల చేసే కణాల కొసలు కూడా లెవోడోపాని డోపమైన్‌గా మార్చి విడుదల చేయడం మొదలెడతాయి, వాటిలోనూ అదే డీకార్బాక్సిలేజ్ ఉంది కాబట్టి. కానీ వాటికి డ్యాట్ లేదు, విడుదల ఎక్కువైందని చెప్పే డీ2 ఆటోరిసెప్టరూ లేదు. కుళాయి ఉంది, మూసే చెయ్యి లేదు. అందుకే ఏడేళ్ల జబ్బులో 2 గంటల డోసుని 150 నుంచి 200కి పెంచితే మూడింటికి మెలికలు తిరిగారు. మొదటి ఏడాదిలోనైతే అదే పెంపు పెద్దగా తెలిసేది కాదు.

రిసెప్టర్ మీద

స్ట్రయేటంలో, అంటే కదలికని నడిపే మెదడు లోపలి భాగంలో, డోపమైన్ రెండు రకాల కణాల మీద రెండు రకాలుగా పనిచేస్తుంది. డీ1 రిసెప్టర్ (డోపమైన్‌ని అందుకునే తలుపు) ఉన్న కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి కదలికకి దారిచ్చే ప్రత్యక్ష మార్గం బలపడుతుంది. డీ2 ఉన్న కణాల్లో సైక్లిక్ ఏఎంపీ తగ్గి, కదలికని అడ్డుకునే పరోక్ష మార్గం సద్దుమణుగుతుంది. రెండు చోట్లా ఫలితం ఒకటే, కదలిక సులువవుతుంది. డీ2ని మందుతో మూసేస్తే పరోక్ష మార్గం విజృంభిస్తుంది, మనిషి బిగుసుకుంటాడు.

ఆరోగ్యవంతుల్లోనూ ఇది జరుగుతుంది. మానసిక వ్యాధుల మందులు పనిచేయడానికి సుమారు 65 శాతం డీ2 రిసెప్టర్లు మూసుకోవాలి. 80 శాతానికి చేరువయ్యేసరికి బిగుతు, వణుకు బయటపడతాయి. హాలోపెరిడాల్ 2 మి.గ్రా. తోనే సగానికి పైగా డీ2 మూసుకోవచ్చు. డోపమైన్ నిండుగా ఉన్న మెదడు దీన్ని తట్టుకుంటుంది. పార్కిన్సన్స్‌లో స్ట్రయేటం డోపమైన్ ముప్పాతిక వంతు పోయాకే లక్షణాలు కనబడతాయి. అక్కడ తట్టుకునే మిగులు ఏమీ లేదు.

మెటోక్లోప్రమైడ్ వాంతుల మందుగా అలవాటైపోయి, అది కూడా డీ2ని మూసే మందేనని గుర్తుండదు. వాంతుల్ని పసిగట్టే ఏరియా పోస్ట్రెమా రక్తం-మెదడు అడ్డుగోడకి బయట ఉంది. అక్కడి డీ2ని మూస్తే చాలు, గోడ దాటాల్సిన పనే లేదు. డోంపెరిడోన్ అనే వాంతుల మందు గోడ దగ్గర ఆగిపోతుంది. గోడలో ఉన్న పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు దాన్ని బయటికి నెట్టేస్తుంది. మెటోక్లోప్రమైడ్ దాటిపోతుంది. ఈవిడకి క్రియాటినిన్ 1.6; మెటోక్లోప్రమైడ్‌లో చాలా భాగం కిడ్నీ ద్వారానే పోవాలి కాబట్టి అది పేరుకుంది కూడా. వాంతులకి ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, ప్రోమెథజిన్ కూడా గోడ దాటి డీ2ని మూసేవే.

రోగనిర్ధారణలో తర్జనభర్జన

జ్వరం, బిగుతు, తెలివి మందగించడం, సీకే పెరగడం ఉన్నప్పుడు నాలుగు పేర్లు ముందుకొస్తాయి. సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ప్రభావం ఒళ్లంతా పడటం) ఉంది, అది నిజమే, కానీ మూత్ర ఇన్‌ఫెక్షన్ కర్రలాంటి బిగుతునివ్వదు. సెరటోనిన్ మితిమీరితే వచ్చే సెరటోనిన్ టాక్సిసిటీని రసాజిలిన్ వల్ల అనుమానించాం. చీలమండ దగ్గర క్లోనస్ (పాదాన్ని పైకి వంచితే ఆగకుండా కొట్టుకోవడం) లేదు, రిఫ్లెక్సులు మామూలుగా ఉన్నాయి, కనుపాపలు విప్పారలేదు, పేగు శబ్దాలు పెరగకపోగా తగ్గాయి. సెరటోనిన్ టాక్సిసిటీలో బిగుతు కన్నా క్లోనస్ ముఖ్యం, అది కాళ్లలో ఎక్కువ. రసాజిలిన్‌తో కలిస్తే సెరటోనిన్‌ని పెంచే ట్రమడాల్, పెథిడిన్, లినెజోలిడ్ లాంటివేవీ పడలేదని మందుల చార్టుతో సరిచూసి దాన్ని పక్కనపెట్టాం.

మిగిలినవి రెండు: డీ2 మూతతో వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్, లెవోడోపా హఠాత్తుగా ఆగితే వచ్చే పార్కిన్సనిజం-హైపర్‌పైరెక్సియా. రిసెప్టర్ వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే: డీ2 దగ్గర డోపమైన్ లేదు. ఒకదానిలో తలుపు మూశారు, ఒకదానిలో వచ్చే మనిషిని ఆపేశారు. ఇక్కడ రెండూ జరిగాయి. పేరు కోసం పట్టుబట్టడంలో అర్థం లేదు, రెంటినీ సరిచేయాలి.

సీకే విషయంలో ఒక జాగ్రత్త. కండలోకి ఇంజెక్షన్ పడితేనే సీకే కొన్ని వందలకి పెరగొచ్చు. 3,150 దానికి చాలా ఎక్కువ. అలాగే లెవోడోపా వాడేవాళ్లకి మూత్రం నల్లబడొచ్చు, రంగు చూసి కండ కరిగిందనుకోకూడదు. ఈవిడ డిప్‌స్టిక్ పరీక్షలో రక్తం పాజిటివ్, మైక్రోస్కోపులో ఎర్రకణాలు లేవు. అది కండ కరిగితే వచ్చే మయోగ్లోబిన్ వైపు చూపించింది.

చికిత్స

మెటోక్లోప్రమైడ్, హాలోపెరిడాల్, ఐరన్ ఆపేశాం. ముక్కు గొట్టం వేసి ఎక్స్‌రేతో స్థానం చూసుకుని గంటలోపు మొదటి డోసు ఇచ్చాం.

ఎంత ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న. చార్టులో చివరి మోతాదు 800. "చివరి మోతాదు తిరిగి మొదలెట్టాలి" అన్న సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే 800 ఇవ్వాలి. కానీ ఆ 800 ఐరన్ అడ్డున్నప్పుడు రాసినది. అడ్డు తీసేశాక మెదడుకి నిజంగా అలవాటైన మోతాదు 600. దాన్నే ఆరు భాగాలు చేసి నాలుగు గంటలకొకసారి 100 మి.గ్రా., అర్ధరాత్రితో సహా, ఇచ్చాం.

గొట్టంలో ఇచ్చే పద్ధతిలో తప్పులు ఎక్కువ. మామూలు మాత్రే నూరాలి. నిదానంగా విడుదలయ్యే మాత్రని నూరితే మొత్తం ఒక్కసారే బయటపడుతుంది. నూరిన పొడిని 20 మి.లీ. నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వాలి. ముందే కలిపి ఉంచితే గాలి తగిలి లెవోడోపా పాడవుతుంది, నీళ్లు ముదురు రంగుకి తిరుగుతాయి. రోట్లో అంటుకున్న పొడి చిన్న సంగతి కాదు. 100 మి.గ్రా. డోసులో పదో వంతు గోడకి అంటినా రోజు మొత్తం మీద అర మాత్రకి పైగా పోయినట్టే. రోటినీ సిరంజినీ ఇంకో 10 మి.లీ. నీళ్లతో కడిగి అదీ గొట్టంలోనే పోయాలి. మందుకి గంట ముందు, అరగంట తరవాత గొట్టపు ఆహారం ఆపాలి. ఆ ఆహారంలో ప్రొటీన్ నిండుగా ఉంటుంది. ఎడతెగకుండా ఎక్కిస్తే గుమ్మం దగ్గరి పోటీ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది.

గొట్టం దారి మూసుకుపోతే రొటిగోటిన్ పట్టీ, చర్మం కింద అపోమార్ఫిన్ ఉన్నాయి. రెండూ ఎంజైముల అవసరం లేకుండా నేరుగా రిసెప్టర్ని తాకుతాయి. అపోమార్ఫిన్‌తో ఒండాన్‌సెట్రాన్ ఇవ్వకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

ఇన్‌ఫెక్షన్‌కి మొదట రాసి ఉంచిన మందు సిప్రోఫ్లాక్సాసిన్. రసాజిలిన్‌ని కాలేయంలో కరిగించే సీవైపీ1ఏ2 ఎంజైముని అది అణుస్తుంది. రెండూ కలిస్తే రసాజిలిన్ 0.5 మి.గ్రా. దాటకూడదు. సెఫ్ట్రియాక్సోన్ రోజుకి 1 గ్రాముకి మార్చాం. రసాజిలిన్ ఆపేద్దామా అన్న ప్రశ్నా వచ్చింది. ఆపినా మావో-బి వెంటనే తిరిగి రాదు; పెథిడిన్ లాంటి మందులకి రెండు వారాల ఎడం పాటించాల్సిందే. ఆపడం వల్ల ఆ నాలుగు రోజుల్లో వచ్చే లాభం లేదు. అలాగే కొనసాగించి, నొప్పులకి పారాసెటమాల్ మాత్రమే అని చార్టు మీద పెద్దక్షరాలతో రాశాం.

బిగుతు తగ్గడానికి, అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకునే ట్రైహెక్సీఫెనిడిల్ ఇద్దామన్న సూచనకి ఒప్పుకోలేదు. స్ట్రయేటంలో డోపమైన్ తగ్గితే అసిటైల్‌కోలిన్ పైచేయి అవుతుంది, దాన్ని దించితే బిగుతు కొంత సడలుతుంది, ఆ వాదన సరైనదే. అయితే అసిటైల్‌కోలిన్‌ని అలా అడ్డుకుంటే అదే 68 ఏళ్ల మెదడులో మతిభ్రమ పెంచుతుంది, మూత్రం బిగబట్టిస్తుంది, చెమట ఆపి జ్వరాన్ని ఎగదోస్తుంది. ఈవిడకి మతి, మూత్రం, జ్వరం మూడూ అప్పటికే ఇబ్బందిగా ఉన్నాయి.

నరానికి ద్రవాలు, తడిగుడ్డలు, ఫ్యాను, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్, మూత్రం గంటగంటకీ కొలవడం మామూలే.

ఎలా కోలుకున్నారు

మొదటి 24 గంటల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. లెవోడోపా పెంచాలన్న ఒత్తిడి ఇక్కడే ఎక్కువగా ఉంటుంది. హాలోపెరిడాల్ శరీరంలో సగానికి తగ్గడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. డీ2 మీద దాని పట్టు గట్టిది, డోపమైన్ దాన్ని తోసి చోటు సంపాదించలేదు. మందు దిగేదాకా ఆగడమే పని. ఆ తొందరలో పెంచిన మోతాదు మూడో రోజున, తలుపు తెరుచుకోగానే, డిస్కైనీసియాగానూ భ్రమలుగానూ బయటపడుతుంది.

రెండో రోజు రాత్రికి ఒంటి వేడి 38.1. మూడో రోజు పొద్దున సీకే 1,900, మెడ కొంచెం తిరిగింది. నాలుగో రోజు కూతురిని గుర్తుపట్టి మాట్లాడారు, కానీ రాత్రి పిల్లలు కనబడటం ఆగలేదు. క్యూటీసీ (ఈసీజీలో చూసే గుండె విద్యుత్ వ్యవధి, కొన్ని మందులతో ప్రమాదకరంగా పెరుగుతుంది) 438 మిల్లీసెకన్లు ఉందని చూసుకుని క్వెటియాపిన్ 12.5 మి.గ్రా. రాత్రిపూట మొదలెట్టాం. అది డీ2 మీద కూర్చుని త్వరగా లేచిపోతుంది, హాలోపెరిడాల్‌లా అతుక్కోదు. అది పనిచేయకపోతే తరవాతిది క్లోజపిన్ 6.25 మి.గ్రా.; ఆధారాలు దానికే బలంగా ఉన్నాయి, కాకపోతే తెల్లకణాల లెక్క మొదట్లో వారం వారం చూడాలి. క్వెటియాపిన్ మూడో రాత్రికే సరిపోయింది. రిస్పెరిడోన్, ఒలాంజపిన్ కొత్తతరం మందులన్న పేరుతో ఈ వరసలోకి రావు, అవి కదలికని పాడుచేస్తాయి.

డోంపెరిడోన్ సిద్ధంగా పెట్టుకున్నా వాడలేదు. ఐరన్ ఆపిన రెండో రోజుకే వాంతులు ఆగిపోయాయి. క్వెటియాపిన్, డోంపెరిడోన్ రెండూ క్యూటీని పొడిగించేవే, అవసరం రాకపోవడం మంచిదైంది.

ఆరో రోజు, అదే 100 మి.గ్రా. డోసుకి గంట తరవాత, మెడ దగ్గర తేలికపాటి మెలికలు కనిపించాయి. రోజుకి 600తోనే. 800తో మొదలెట్టి ఉంటే ఏమయ్యేదో అది చూపించింది. ఆవిడకి అవి ఇబ్బందిగా లేవు, మోతాదు ముట్టుకోలేదు. ఏడో రోజు మింగుడు పరీక్ష నెగ్గి గొట్టం తీసేశాక పాత పద్ధతికి, ఒకటిన్నర మాత్ర నాలుగుసార్లకి, మార్చాం. పదకొండో రోజు ఇంటికి పంపేనాటికి సీకే 140, క్రియాటినిన్ 1.0, చేతికర్రతో వార్డు చివరిదాకా నడక.

ఇంటికి ఇచ్చిన కాగితంలో ఐరన్ రోజు విడిచి రోజు, రాత్రి 10 గంటలకి, ఒక్క మాత్ర. అంటే చివరి లెవోడోపాకి నాలుగు గంటల తరవాత. రోజూ రెండుసార్లు వేసినప్పుడు, ఐరన్ పీల్చుకోవడాన్ని అణిచే హెప్సిడిన్ పెరిగి తరవాతి మాత్ర ఒంటబట్టడం తగ్గుతుంది కాబట్టి రోజు విడిచి రోజు ఇవ్వడంలో పెద్ద నష్టం లేదు. ప్రొటీన్ పొడి రాత్రి భోజనంలోకి. ఇవ్వకూడని మందుల పేర్లు విడిగా ఒక కార్డు మీద, పర్సులో పెట్టుకునేంత చిన్నది. దూలగొండి గింజల పొడిలాంటివి వాడుతున్నారా అని కూడా అడిగి రాసుకున్నాం. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంది, చెప్పకుండా వాడితే మోతాదు లెక్క మళ్లీ తప్పుతుంది. వాడటం లేదన్నారు.

ఆరు వారాలకి హీమోగ్లోబిన్ 10.8. కూతురు తెచ్చిన చార్టులో ఉదయం 6 గంటల మాత్రకి 6.50కి కదలిక, 10 గంటల మాత్రకి 10.45కి, మధ్యాహ్నం 2 గంటల మాత్రకి 2.40కి. సాయంత్రం 6 గంటల మాత్ర మాత్రం కొన్ని రోజులు ఏడున్నర దాకా అందుకోవడం లేదు. ఆ రోజులకి ఎదురుగా భోజనం వేళ 5.30 అని రాసి ఉంది. భోజనాన్ని 7.30కి జరిపి, క్వెటియాపిన్ ఆపి చూడటానికి మరో నెల గడువు పెట్టాం.